తూము మలుపులో రెండో బెల్లు

దెయ్యాల కథలు నేను చాలా చదివాను. రాత్రి చదివి, పుస్తకం దిండు కింద పెట్టుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. చదవడం వేరు, నమ్మడం వేరు. మా ఇంట్లో అలాంటి నమ్మకాలు ఎవరికీ లేవు. దిష్టి తీయడం కూడా అమ్మ ఎప్పుడో మానేసింది. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకేమనిపించిందో మాత్రం ఎక్కువ రాయలేను. ఆ రోజుల్లో నాకు పెద్దగా ఏమీ అనిపించేది కాదు.

మాది చోడవరం. నాన్న ఇక్కడే ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవారు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం చెరో సైకిలు మీద బయల్దేరేవాళ్లం. గోవాడ దాకా రోడ్డు, అక్కణ్ణుంచి కాలవ గట్టు. గట్టు వెంట వడ్డాది వైపు వెళ్లి, ఎక్కడ తిరగాలనిపిస్తే అక్కడ తిరిగి, ఇంకేదో ఊరి మీదుగా ఇంటికి వచ్చేవాళ్లం. పనేమీ ఉండేది కాదు. నాన్న సైకిలు తొక్కితే పక్కన నడిచేవాళ్లు కూడా దాటిపోతారని అమ్మ ఎగతాళి చేసేది.

నిజమే. ఆయన ప్రతిదానికీ దిగేవారు. కాలవలో నీటికోడి కనిపిస్తే దిగేవారు. ఎవరైనా పొలంలో మడవ కడుతుంటే దిగి, ఈసారి నీళ్లెలా ఉన్నాయని అడిగేవారు. నేను కొంచెం ముందుకెళ్లి ఒక కాలు నేల మీద ఆన్చి నిలబడేదాన్ని. నాకు కొత్తవాళ్లతో మాట్లాడటం రాదు. ఇప్పటికీ రాదు. దారి తప్పుకోమని అడగాలన్నా నోరు పెగలదు. ఆ సంగతి తెలిసే నాన్న చిన్నప్పుడే చెప్పారు. "నోరు రాకపోతే బెల్లు కొట్టు అమ్మలూ. బెల్లు కూడా మాటే."

మా గట్టు మీద ఒక పద్ధతి ఉంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చెరకు. దారి ఒక సైకిలు పట్టేంతే. చెరకు ఎదిగాక మలుపు అవతల ఏముందో కనబడదు. అందుకని మలుపు ముందు బెల్లు కొట్టాలి. అవతల మనిషి ఉంటే, ఆ బెల్లు విని, బరువు లేనివాళ్లు దిగి, సైకిలు చెరకు పక్కకి చేర్చి నిలబడాలి. నిలబడి ఇంకోసారి కొట్టాలి. ఆ రెండో బెల్లుకి అర్థం, నేను దిగాను, నువ్వు రా అని. గడ్డిమోపో పాలక్యానో ఉన్నవాళ్లు దిగరు. దిగితే మళ్లీ ఎక్కలేరు కదా. వాళ్లు వచ్చి, దాటి వెళ్లిపోతారు. ఇది ఎవరూ రాసి పెట్టింది కాదు. గట్టు మీద తిరిగేవాళ్లందరికీ తెలుసు.

నాన్న మాత్రం బరువున్నా లేకపోయినా దిగేసేవారు. ఒకసారి వడ్డాది సంతలో గుమ్మడికాయలు కొని, సంచీలో వేసి హ్యాండిలుకి రెండువైపులా వేలాడదీసుకుని వస్తున్నారు. తూము దగ్గర మలుపు ఉంది. కాలవలోంచి చేలకి నీళ్లు వదిలే తూము అది. మేం దాన్ని తూము మలుపు అనేవాళ్లం. అక్కడ అవతల బెల్లు మోగింది. నాన్న దిగిపోయి రెండో బెల్లు కొట్టారు. అవతలివాళ్లు కూడా రెండో బెల్లు కొట్టారు. మళ్లీ నాన్న కొట్టారు. మళ్లీ వాళ్లు. ఎవరూ రారు.

చివరికి ఒక పాలాయన సైకిలు నడిపించుకుంటూ మలుపు తిరిగి వచ్చాడు.

"ఏటి బాబూ, పాలు పెరుగైపోతన్నాయి. రండి మరి!"

"లోడున్నోడివి, నువ్వు దిగిపోయేవేటయ్యా?"

"మీ బెల్లు ఇని ముందే దిగిపోనాను. మీరు దిగుతారు, నాను దిగుతాను, ఇంకెల్లేదెవులు? ఎవులో ఒకులు ఎక్కాలి గదా!"

నేను నవ్వి నవ్వి కాలవలో పడబోయాను. ఆ మాట మా ఇంట్లో నిలిచిపోయింది. వడలపళ్లెంలో ఆఖరిది ఎవరూ తీసుకోకపోతే అమ్మ, "ఎవులో ఒకులు ఎక్కాలి గదా!" అనేది.

'మీ బెల్లు' అని పాలాయన అనడానికి కారణం ఉంది. నాన్న బెల్లు వింటే అదెవరిదో తెలిసిపోయేది. దాని లోపలి చక్రానికి ఏదో పన్ను అరిగిపోయింది. నిండుగా మొదలై, సగంలో తెగి, టక్కుమని ఆగిపోయేది. ఎక్కిళ్లు వచ్చినవాళ్లు మాట మధ్యలో ఆగినట్టు. సైకిలు షాపాయన మార్చేస్తానని ఎన్నిసార్లు అన్నా నాన్న ఒప్పుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర ఆ బెల్లు మోగగానే అమ్మ స్టవ్వు వెలిగించి టీకి నీళ్లు పెట్టేది.

కిందటేడాది ఎండాకాలంలో నాన్న గుండెపోటుతో పోయారు. విశాఖపట్నం తీసుకెళ్లాం. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నారు. మూడో రోజు లేరు. దాని గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు రాలేదు, కర్మకాండ రోజుల్లో రాలేదు, తర్వాతా రాలేదు. వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇచ్చాను, చాపలు వేశాను, ఎవరెవరు భోంచేశారో చూసుకున్నాను. మా అత్త, అంటే నాన్న అక్క, నా ముందే అమ్మతో అంది. "గుంట ఏడవట్లేదే. లోపల గడ్డకట్టుకుపోతాది. ఒకసారి ఏడిపించెయ్యండి." ఏడిపించడానికి ఇద్దరు ముగ్గురు ప్రయత్నం కూడా చేశారు. నాన్న చొక్కా తెచ్చి ఒళ్లో పెట్టారు. నేను దాన్ని మడతపెట్టి బీరువాలో పెట్టాను.

ఆకలి కూడా పోయింది. వేళకి అమ్మ కంచం ముందు పెడితే తినేదాన్ని. పుస్తకాలు తెరిస్తే అక్షరాలు కనబడేవి, అంతే. చిన్నప్పట్నుంచీ డైరీ రాసే అలవాటుంది. ఆ నెలల్లో డైరీ నిండా ఏం కూర, వాన పడిందా లేదా, అంతే.

నాన్న సైకిలు అమ్మ సింహాద్రికి ఇచ్చేసింది. సింహాద్రి నాన్న ఆఫీసులో అటెండరు, రోలుగుంటలో ఉంటాడు. అతను తీసుకెళ్లే ముందు నేను స్క్రూడ్రైవరుతో బెల్లు విప్పి ఉంచుకున్నాను. ఎందుకని అమ్మ అడగలేదు. దాన్ని గుడ్డలో చుట్టి, నాన్న గెడ్డం గీసుకునే సామాను ఉండే స్టీలు డబ్బాలో పెట్టాను. డబ్బా నా అల్మారాలోనే ఉంది.

ఆదివారాలు మాత్రం నేను గట్టు మీదకి వెళ్తూనే ఉన్నాను. సంతోషంగా ఉండి కాదు. కాళ్లు ఆడుతుంటే మిగతాదంతా ఆగి ఉన్నట్టు తెలిసేది కాదు. వారంలో నాకు కావాలనిపించేది అదొక్కటే.

అదీ ఆగిపోయేలా ఉంది. పెదనాన్న ఇంటికొచ్చి అమ్మతో గట్టిగా అన్నారు. "తండ్రి లేని పిల్ల ఒక్కత్తీ కాలవ గట్ల మీద తిరగడమేటి? రేపు ఏదైనా అయితే ఎవులికి సెప్పుకుంటావు?" అమ్మ ఎదురు చెప్పలేదు. రాత్రి నా పక్కన కూర్చుని, చెరకు కోతలయ్యేదాకా వెళ్లమంది. కోతలప్పుడు గట్ల మీద మనుషులుంటారు, భయం ఉండదు. ఆ తర్వాత ఇంక ఒద్దంది. సరేనన్నాను. సరేననడం ఆ రోజుల్లో నాకు చాలా తేలికగా ఉండేది.

జరిగింది ఆ కోతల రోజుల్లోనే, ఒక ఆదివారం పొద్దున్న. మంచు అప్పటికే విడిపోయింది. ఎండ బాగా వచ్చింది. ఇది ముందే చెప్పాలి. చీకట్లోనో పొగమంచులోనో జరిగి ఉంటే నేనే నమ్మేదాన్ని కాదు.

గోవాడ దాటి గట్టు ఎక్కాను. బెల్లం వండుతున్న వాసన ఎక్కణ్ణుంచో వస్తోంది. కాలవలో నీళ్లు సగం దాకా ఉన్నాయి. తూము మలుపు ఇవతల చెరకు ఇంకా కొయ్యలేదు, తల మీద దాకా ఉంది. నేను బెల్లు కొట్టలేదు. నాన్న పోయాక మలుపుల దగ్గర బెల్లు కొట్టడం మానేశాను. కావాలని కాదు. చెయ్యి వెళ్లేది కాదు.

మలుపు అవతల బెల్లు మోగింది.

పాత బెల్లు ఏదో అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. కాళ్లు వాటంతటవే దిగాయి. సైకిలు చెరకు పక్కకి చేర్చి, నిలబడి, పద్ధతి ప్రకారం రెండో బెల్లు కొట్టాను. నేను దిగాను, నువ్వు రా.

ఎవరూ రాలేదు.

కాసేపు చూశాను. చైను చప్పుడు లేదు, టైరు కింద మట్టి నలిగిన చప్పుడు లేదు. అప్పుడు అటువైపు నుంచి రెండో బెల్లు వచ్చింది. ఈసారి చెవి పెట్టి విన్నాను. నిండుగా మొదలై, సగంలో తెగి, టక్కుమని ఆగింది.

నాకు భయం వేయలేదు. వెయ్యాలని తెలుసు. చేతుల మీద వెంట్రుకలు లేచాయేమోనని చూసుకున్నాను కూడా. లేవలేదు. అలాంటి బెల్లు ఇంకొకరికి ఉండకూడదా అనుకున్నాను. ఎవరండీ అని అరిస్తే తేలిపోయేది. అరవలేకపోయాను. అది భయం కాదు, నా మామూలు సిగ్గే.

అరవలేక మళ్లీ బెల్లు కొట్టాను. అది మళ్లీ మోగింది, అలాగే తెగి. దగ్గరికి రాలేదు, దూరం పోలేదు. మలుపు అంచున, చెరకు పక్కన, నాలాగే ఎవరో దిగి నిలబడి ఉన్నట్టు ఉన్నచోటే మోగింది. నా బెల్లు ప్రతిధ్వని కాదు. నాది కొత్తది, గలగలా పూర్తిగా మోగుతుంది. పైగా మొదటిసారి అది మోగేటప్పటికి నేనింకా కొట్టనే లేదు.

అలా ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. నీళ్లు తూములోంచి పారుతున్న చప్పుడు వింటూ ఉన్నాను. అప్పుడు పాలాయన మాట గుర్తొచ్చింది. నేను దిగి ఉన్నాను, అవతల కూడా దిగే ఉన్నారు. ఇద్దరం ఇలాగే ఉంటే సాయంత్రం దాకా ఇలాగే ఉంటాం.

సైకిలు ఎక్కాను. తొక్కుకుంటూ మలుపు తిరిగాను.

అవతల ఎవరూ లేరు.

దాక్కోవడానికి చోటు కూడా లేదు. అటువైపు చెరకు అప్పటికే కోసేశారు. కాలవకి రెండు పక్కలా నేల బయటపడి, మోళ్లు తప్ప ఏమీ లేదు. గట్టు దూరం దాకా తిన్నగా కనిపిస్తోంది. దాని మీద ఒక సైకిలు వెళ్తుంటే, ఎంత వేగంగా వెళ్లినా, కనబడి తీరుతుంది.

కోసిన చేలో, పిలిస్తే వినబడేంత దూరంలో, ఇద్దరు ఆడవాళ్లు గేదెలకి చెరకు ఆకు మోపులు కడుతున్నారు. ఒకామె వయసులో పెద్ద, ఇంకొకామె ఆమె కోడలని తర్వాత తెలిసింది. పెద్దామె నన్ను చూసి నడుం మీద చెయ్యేసుకుని లేచింది.

"ఏటమ్మా, ఒక్కదానివే వచ్చేవు? రెండో మనిషేడి?"

నేను వెనక్కి తిరిగి మలుపు వైపు చూశాను.

"రెండు బెల్లులు ఇనపడ్డాయి గదా. నువ్వాగి, ఆ మనిషాగి, ఏటి ఆటలనుకున్నాను. ఒకటి అటేపు, ఒకటి ఇటేపు. మరి ఇటేపుది ఏదీ?"

"అత్తకి అన్నీ అలగే ఇనపడతాయి," అంది కోడలు మోపు బిగిస్తూ. "పంచదార ఫేట్రీ కూత ఏసినా సైకిలు బెల్లే అంటాది."

"ఓసి నోరుముయ్యే. ఎక్కిళ్లొచ్చినట్టు మోగినాది. నువ్వూ తలెత్తి సూసేవు గదా!"

కోడలు మలుపు వైపు ఒకసారి చూసి, మళ్లీ మోపు మీదకి వంగింది.

గట్టు మీద ఎవరినైనా చూశారా అని అడిగాను. కొత్తవాళ్లని నేనై నేను ఒక ప్రశ్న అడగడం బహుశా అదే మొదటిసారి. పొద్దున్నుంచి ఎవరూ రాలేదని ఇద్దరూ చెప్పారు. నేను సైకిలు దిగి వెనక్కి నడిచి మలుపు అంచున చూశాను. తూము ఊట వల్ల అక్కడ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తడి మట్టి మీద నా టైరు గీత ఒక్కటే ఉంది.

ఇంటికొచ్చే దారిలో సింహాద్రికి ఫోన్ చేశాను. సైకిలు బాగుందా అని అడిగాను. "యెనకటైరు పంచరమ్మా, అరుగు మీద పడుంది. రేపో మాపో ఏయిస్తాను. కోపమొద్దు," అన్నాడు. కోపం లేదని చెప్పి పెట్టేశాను.

ఇంట్లో అమ్మ వంటగదిలో ఉంది. నేను నా గదిలోకి వెళ్లి అల్మారా తీశాను. స్టీలు డబ్బా ఉంది, డబ్బాలో గుడ్డ ఉంది, గుడ్డలో బెల్లు ఉంది. నేను వేసిన ముడి అలాగే ఉంది. ముడి విప్పి, అరచేతిలో పెట్టుకుని, ఒకసారి నొక్కాను. నిండుగా మొదలై, తెగి, ఆగింది. గట్టు మీద విన్నది అదే. ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

కాసేపటికి వంటగదిలో చప్పుడేమీ లేకపోవడం గమనించి వెళ్లి చూశాను. స్టవ్వు వెలుగుతోంది. మీద గిన్నెలో నీళ్లున్నాయి. అమ్మ గిన్నె ముందు నిలబడి ఉంది. స్టవ్వు పక్కన మూడు గ్లాసులు పెట్టి ఉన్నాయి.

చెప్పకూడదనే అనుకున్నాను. చెబితే కోతలయ్యేదాకా కూడా ఆగరు, వచ్చే ఆదివారమే వెళ్లనివ్వరు. పెదనాన్నకి తెలిస్తే నన్ను ఏ గుడికో తాయెత్తుకో తీసుకెళ్తారు. నా దగ్గర మిగిలింది ఆ గట్టు ఒక్కటే. అది కూడా పోతుంది. ఇదంతా తెలిసే, ఆ మూడు గ్లాసులు చూశాక, చెప్పేశాను. బెల్లు మోగడం, నేను నిలబడటం, ఎవరూ రాకపోవడం, ఆ ఆడవాళ్లు అన్న మాట. వరసగా, కూరలు ఏం తెచ్చానో చెప్పినట్టు చెప్పాను.

అమ్మ స్టవ్వు తగ్గించింది. భయపడుతుందనుకున్నాను. ఎవరని అడుగుతుందనుకున్నాను. అవేమీ అడగలేదు.

"నువ్వు దిగేవా?" అంది.

"దిగేను."

"ఆ తర్వాత?"

"ఎంతకీ రాపోతే నేనే ఎక్కి వచ్చేసేను."

అమ్మ తలూపింది. "మంచి పని చేసేవు. మీ నాన్న ముందెల్తారేటే? నువ్వెల్లిందాకా అక్కడే నిలబడుంటారు."

అంతే అంది. మూడో గ్లాసు తీసి బోర్లించి, రెండింట్లో టీ పోసింది. ఇద్దరం వంటగది గుమ్మంలో కూర్చుని తాగాం. నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. వచ్చిందని రాస్తే కథకి బాగుంటుందేమో గానీ, రాలేదు. మధ్యాహ్నం మాత్రం ఆకలేసింది. అన్నం మారు పెట్టమని అడిగాను. అమ్మ నా మొహం చూడకుండా గరిటె నిండా వడ్డించింది.

కోతలయ్యాక పెదనాన్న ఫోన్ చేశారు. అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విని, చివర్లో ఒక్క మాట అంది. "అది ఎల్తాది బావగారూ. దానికి గట్టు మీద పద్ధతి తెలుసు." అమ్మ పెదనాన్నకి ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆయన ఇంకా ఏదో అంటుండగానే, పాలు పొంగిపోతున్నాయని పెట్టేసింది. స్టవ్వు మీద పాలు లేవు.

కోసిన మోళ్లు మళ్లీ చిగిర్చాయి. ఇప్పుడు తూము మలుపు అవతల కూడా చెరకు తల దాకా ఎదిగింది. నేను మలుపుల దగ్గర మళ్లీ బెల్లు కొడుతున్నాను. తూము దగ్గర మాత్రం కొట్టి, దిగి, చెరకు పక్కన నిలబడతాను. అవతల పాలాయనలు, గడ్డిమోపులవాళ్లు ఎదురైతే వాళ్లని పోనిస్తాను. ఎవరూ లేకపోతే ఒక సైకిలు దాటేంతసేపు ఆగి ఎక్కుతాను. ఆ తెగిపోయే బెల్లు మళ్లీ ఎప్పుడూ వినబడలేదు. అది డబ్బాలో, గుడ్డలోనే ఉంది.

దీనికి కారణం చెప్పమంటే నేను చెప్పలేను. నా చెవులే మోసం చేశాయనుకుందామంటే చేలో ఉన్న పెద్దామె కూడా విన్నది. ఇంకెవరిదో సైకిలనుకుందామంటే తడి మట్టి మీద రెండో గీత లేదు. నేను ఇప్పటికీ దెయ్యాలని నమ్మను. నమ్మనని చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది, అంతే తేడా.

ఆ పొద్దున్న ఇద్దరం దిగి నిలబడ్డాం. ఎవరో ఒకరు ఎక్కాలి కాబట్టి నేను ఎక్కాను. నాకు దారిచ్చింది ఎవరో మాత్రం ఇప్పటికీ తెలీదు.